వంశధార ఎగువన ఎవరున్నారు?



చిన్నప్పటి సాంఘికశాస్త్రం పుస్తకంలోని ఆంధ్రప్రదేశ్ పటం ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఇచ్ఛాపురం దగ్గర గీత ఆగిపోతుంది. గీతకవతల తెల్లకాగితం. ఆ తెల్లకాగితంలోంచి వంశధార, నాగావళి, ఝంఝావతి, బాహుదా అనే నాలుగు నీలిగీతలు వున్నట్టుండి పుట్టుకొస్తాయి. అవి ఏ కొండల్లో పుట్టాయో, దారిలో ఎవరి పొలాలు తడిపాయో, ఎవరి ఊళ్ళ పక్కనుంచి వచ్చాయో పటం చెప్పదు. పరీక్షలో రాదు గనుక మనమూ అడగం. నీళ్ళు రానినాడు మాత్రం "పైనోళ్ళు ఆపేశారు" అని ఒక్కమాట అనేసి వూరుకుంటాం.

ఆ "పైనోళ్ళ" గురించి నాలుగు మాటలు రాయాలని చాలాకాలంగా వుంది. నా అభిప్రాయం అందరికీ రుచించకపోవచ్చు. పెద్దలు మన్నించాలి.

నేను బి.ఎస్సీ. చదువుతున్న రైతుబిడ్డని. వంశధార ఎడమకాలువ చిట్టచివరి ఊళ్ళలో మాదొకటి. శివారు భూములు. కాలువ మొదట వున్నవాళ్ళు ఉడుపులు ముగించి కలుపులు తీస్తూవుంటే, మేం ఆకుమడి గట్టున కూర్చుని ఆకాశం వేపు చూస్తూ వుంటాం. అన్ని యేళ్ళూ అలా కాదు గాని, కాలం కాని యేడు అంతే. ఒకసారి మా తాతని అడిగాను, ఈ నీటి తగువు ఎప్పుడు తీరుతుందని. "ఏటిరా బాబూ, నీరెక్కడినుంచొత్తాది? గొట్టా కాడ గేటెత్తితే వత్తాది. గొట్టాకెక్కడినుంచొత్తాది? పైనుంచి. ఆ పైనోడి పేరేటో, ఊరేటో మనకి తెలుసునా? తెలీనోడితో తగువెలా తీరతాదిరా?" అన్నాడు. చదువుకోని మనిషి. ట్రిబ్యునల్ అంటే ఏమిటో ఎరగడు. కాని ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

ముందు తగువేమిటో చూద్దాం. వంశధార ఒడిశా కొండల్లో పుట్టి, సుమారు 250 కిలోమీటర్లు నడిచి, మన కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. 1962 సెప్టెంబరు 30న రెండు రాష్ట్రాలూ ఒక మాట అనుకున్నాయి: నదిలో వచ్చేది 115 టి.ఎం.సి.లు అనుకుంటే అందులో చెరిసగం. టి.ఎం.సి. అంటే వందకోట్ల ఘనపుటడుగులు. మెట్రిక్ కొలతల్లో చెప్పాలంటే 2.83 కోట్ల ఘనమీటర్లు. నేను నోటుబుక్కులో వేసుకున్న లెక్క యిది: ఒక్క టి.ఎం.సి. నీటిని మీటరు మందాన పరిస్తే సుమారు 7 వేల ఎకరాలు నిండుతాయి. మన వాటా 57.5 టి.ఎం.సి.లు ఆ లెక్కన నాలుగు లక్షల ఎకరాల మీద మీటరు నీరు. వరిపంటకి యించుమించు అంతే కావాలి. కాగితం మీద యింత నీరుంది! కాని నది ఏడాది పొడుగునా సమానంగా పారదు. వర్షాకాలంలో నాలుగైదు వరదలుగా వచ్చి, పట్టి నిలిపే చోటు లేకపోతే, మన కళ్ళముందే సముద్రంలోకి పోతుంది. 1977లో గొట్టా బ్యారేజీ పూర్తయ్యాక ఎడమకాలువ కింద సుమారు లక్షన్నర ఎకరాలకి నీరు చేరే ఏర్పాటయింది గాని, బ్యారేజీ జలాశయం కాదు. అందుకే ఎగువన భామిని మండలంలో నేరడి దగ్గర ఇంకొక బ్యారేజీ కట్టి, అక్కడినుంచి వరదనీటిని హిరమండలం జలాశయానికి మళ్ళించాలన్న ఆలోచన.

నేరడి దగ్గర కడితే ఒడిశావైపు కొంత భూమి పోతుంది. వాళ్ళు ఒప్పుకోలేదు. అప్పుడు మనవాళ్ళు, పోనీ నదికి అడ్డం కట్టకుండా కాట్రగడ్డ దగ్గర పక్కగట్టున మత్తడి కట్టి వరదనీరు తీసుకుంటామన్నారు. అక్కడ నదే సరిహద్దు. ఈ గట్టు మనది, ఆ గట్టు వాళ్ళది. 2006లో ఒడిశా కేంద్రానికి ఫిర్యాదు చేసింది, సుప్రీంకోర్టుకెళ్ళింది. 2010లో ట్రిబ్యునల్ వేశారు. 2017 సెప్టెంబరు 13న ట్రిబ్యునల్ తీర్పు చెప్పింది: నేరడి బ్యారేజీ కట్టుకోవచ్చు, అందుకు ఒడిశాలో 106 ఎకరాలు సేకరించి యివ్వాలి, పరిహారం ఆంధ్ర భరించాలి, బ్యారేజీ వచ్చాక కాట్రగడ్డ మత్తడి తీసెయ్యాలి, నీరు చెరిసగం. దానిమీద ఒడిశా మళ్ళీ సుప్రీంకోర్టు మెట్లెక్కింది.

నూటారు ఎకరాలు! మా ఊరి చెరువుకింద వున్న పొలమంత. ఆ పాటి భూమి కోసం యిన్నేళ్ళా అని మీరు విస్తుపోతారు. కాని అవతలి గట్టుమీద నిలబడి చూడండి. కాట్రగడ్డ మత్తడి గురించి వాళ్ళు ట్రిబ్యునల్ ముందు పెట్టిన భయం యిది: పక్కగట్టు తెగ్గోసి నీరు లాగితే నది మెల్లమెల్లగా అటే వొరిగిపోతుందేమో, తమ గట్టు ఎండిపోతుందేమో, ఊటలు తగ్గిపోతాయేమో. ట్రిబ్యునల్ ఆ భయాన్ని తూచింది, మత్తడికి షరతులు పెట్టి ఒప్పుకుంది. మన వాటా మనకి రావాలన్నది న్యాయం, అందులో నాకు సందేహం లేదు. అయితే ఆ గట్టుమీద పొలం వున్న రైతుకి ఈ సంగతి ఎవరు చెప్పారు? అతని భాషలో చెప్పారా? తీర్పు ఇంగ్లీషులో వచ్చింది. వాదించినవాళ్ళు ఢిల్లీలో. అతనికి తెలిసిందల్లా "ఆంధ్రావాళ్ళు నది లాక్కుపోతారట" అన్నది. మనకి తెలిసిందల్లా "ఒడిశావాళ్ళు నీళ్ళాపేశారట" అన్నది. ఈ రెండు "అట"ల మధ్య ఒక నది పారుతోంది!

ముంపు బాధ మనకి తెలీనిది కాదు. హిరమండలం జలాశయం కోసం మన జిల్లాలోనే ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ చేశారు. గుడి, బడి, చెట్టు, చెరువు అన్నీ వదిలి పునరావాస కాలనీకి వెళ్ళినవాళ్ళ పిల్లలు మన తరగతుల్లోనే వున్నారు. పరిహారం కోసం ఎన్నాళ్ళు తిరిగారో వాళ్ళని అడగండి. మనింట్లో మునక అన్యాయమనిపించినప్పుడు, పక్కింటి నూటారు ఎకరాల మునక ఒట్టి అంకె ఎలా అవుతుంది?

అసలీ పక్కిల్లు ఎప్పుడు పక్కిల్లయింది? 1936 ఏప్రిల్ 1న. ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డ రోజది. అంతకుముందు గంజాం, విశాఖపట్నం జిల్లాలన్నీ మద్రాసు రాజధాని కింద ఒక్కటే. ఆ రోజున పర్లాకిమిడి పట్నం అటు పోయింది, ఆనుకునే వున్న పాతపట్నం యిటు మిగిలింది. గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితంలో ముఖ్యమైన భాగమంతా పర్లాకిమిడిలోనే గడిపారు. అక్కడి రాజావారి బడిలో పంతులుగా వుంటూ, చుట్టుపక్కల కొండల మీది సవరల భాష నేర్చుకుని, దానికి వాచకాలూ, వ్యాకరణమూ, నిఘంటువూ తయారుచేశారు. పట్నం ఒరిస్సాలో కలిసినప్పుడు ఆ ముసలితనంలో యిల్లు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. పంతులుగారి నిరసన అది. ఆయన వెళ్ళిపోయారు గాని సవరలు ఎక్కడికి పోతారు? సగంమంది అటు, సగంమంది యిటు. గిడుగువారు సవరకి తెలుగులిపి వాడారు. అదే 1936లో గుణుపురం వేపు మంగై గొమాంగో అనే సవర పెద్ద తమ భాషకి సొరంగ్ సొంపెంగ్ అనే కొత్త లిపి కనిపెట్టాడు. అక్కడి బడిలో ఒడియా లిపి సరేసరి. ఇవాళ సీతంపేట సవరపిల్ల రాసిన ఉత్తరం గుణుపురంలో ఆమె మేనత్త చదవలేకపోవచ్చు. భాష ఒకటే, అక్షరమే సరిహద్దు.

ఈ సంగతులు చదువుతూ వుండగానే లైబ్రరీలో ఉత్తర ధ్రువం దగ్గరి దేశాల గురించి ఒక పుస్తకం దొరికింది. మాకు కార్తీకంలో పొద్దున్న నీళ్ళు పోసుకోడమే కష్టం, అక్కడ ఆరునెలలు మంచు! ఎందుకొచ్చిన చదువు అనుకుంటూనే తిరగేశాను. స్వీడన్, ఫిన్లాండ్ దేశాల మధ్య టోర్న్ అని ఒక నది. 1809లో స్వీడన్ యుద్ధంలో ఓడిపోయి ఫిన్లాండుని రష్యాకి వదులుకున్నప్పుడు, ఆ నదినే సరిహద్దు చేశారు. రెండు గట్లమీదా ఒకే మాట మాట్లాడే జనం. ఆ గట్టున టోర్నియో, యీ గట్టున హపరాండా. అచ్చం మన పర్లాకిమిడి, పాతపట్నంలాగే. మహేంద్రతనయకి బదులు టోర్న్ నది, అంతే తేడా. (చలిమాట వదిలెయ్యండి.)

వాళ్ళేం చేశారు? 1971లో ఆ నదికోసం రెండు దేశాలూ ఒక ఒప్పందం రాసుకుని శాశ్వత కమిషన్ పెట్టుకున్నాయి. 2010లో దాన్ని కొత్త ఒప్పందంగా తిరగరాశారు. అందులో నాకు బాగా నచ్చిన సంగతి, కమిషన్‌లో రాజధాని అధికారులే కాక నది ఒడ్డు మునిసిపాలిటీల తరపు మనుషులూ కూర్చుంటారు. సాల్మన్ చేప ఎప్పుడు పట్టాలో, ఎప్పుడు పట్టకూడదో రెండు దేశాలూ కలిసే నియమం పెట్టుకుంటాయి. రెండు పట్నాల మురుగునీరూ శుద్ధిచేసే కర్మాగారం ఒక్కటే. రెండు వేపుల పిల్లలూ కలిసి చదివే బడి ఒకటి 1989 నుంచి వుంది. రెండు గడియారాల మధ్య గంట తేడా వున్నా పని ఆగలేదు. పర్లాకిమిడికీ పాతపట్నానికీ గడియారం కూడా ఒకటే గదా!

ఇంకా ఉత్తరాన ఇనారి అని పెద్ద సరస్సుంది, ఫిన్లాండులో. దాన్నుంచి బయల్దేరే నది రష్యా, నార్వే సరిహద్దుల మీదుగా సముద్రానికి పోతుంది. సరస్సు నీటిమట్టం ఎంత వుంచాలన్నది 1959లో ఫిన్లాండు, నార్వే, సోవియట్ యూనియన్ మూడూ కూర్చుని ఒప్పందం చేసుకున్నాయి. 1959 అంటే ఎలాంటి రోజులు! నార్వే అమెరికా కూటమిలో వుంది, సోవియట్ దానికి బద్ధశత్రువు, ఒకరిమీదొకరు బాంబులు గురిపెట్టుకున్న కాలం. అయినా ఆనకట్ట దగ్గర నీరెంత ఎత్తున వుండాలో తేల్చుకోగలిగారు. ఒకే రాజ్యాంగం, ఒకే సుప్రీంకోర్టు, ఒకే రైలుశాఖ వున్న మనం 106 ఎకరాల దగ్గర ఆగిపోయాం.

అక్కడంతా స్వర్గమని నేననడం లేదు. 1993లో నార్వేలోని కిర్కెనెస్ పట్నంలో బారెంట్స్ ప్రాంత సహకార మండలి మొదలుపెట్టారు. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ ఉత్తర జిల్లాలూ, రష్యా వాయవ్య జిల్లాలూ అందులో చేరాయి. విద్యార్థులు, వైద్యులు, ఆటగాళ్ళు అటూ యిటూ తిరిగారు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం వచ్చాక అది కూలబడింది, 2023లో రష్యా వెళ్ళిపోయింది. రాజధానులు పోట్లాడుకుంటే సరిహద్దు ఊళ్ళ స్నేహం ఎన్నాళ్ళు నిలుస్తుందన్న అనుమానం నాకూ వుంది. కాని ఆ మాట మనకి సాకు కాకూడదు. మనకి యుద్ధం లేదు.

మనకి చేతకాదా అంటే, చేసి చూపించినవాళ్ళున్నారు. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం చూడండి. డుడుమా జలపాతం దగ్గర మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాలు కలిసి తలపెట్టగా 1955లో కరెంటు మొదలయింది. తరవాత బలిమెల వచ్చింది, సీలేరు నీటిని సగం సగం పంచుకున్నారు. విద్యుత్తు విషయంలో యిద్దరికీ లాభం కనిపించింది, కలిశారు. వంశధార విషయంలో లాభం ఒకరికీ, మునక ఒకరికీ అన్నట్టుగా లెక్క వేస్తున్నాం గనుక కలవలేకపోతున్నాం. లెక్కే మార్చాలి. నేరడి దగ్గర నీరు నిలిస్తే ఆ గట్టు పొలాలకీ పారే ఏర్పాటు ముందే చెప్పి, ముందే గీసి, ఆ ఊళ్ళో చావడిదగ్గర పటం పెట్టి ఒడియాలో వివరిస్తే ఆ 106 ఎకరాల రైతులు మనతో కూర్చోరా? కూర్చుంటారనే నా నమ్మకం.

కలవకపోతే ఏమవుతుందో ఝంఝావతి చెబుతుంది. 1978లోనే రెండు రాష్ట్రాలకీ ఒప్పందం కుదిరింది. ఆనకట్ట కడితే ఒడిశాలో వెయ్యెకరాల పైచిలుకు మునుగుతుంది. ఆ మునక సంగతి తేలక, చివరికి 2006లో కొమరాడ మండలం రాజ్యలక్ష్మీపురం దగ్గర రబ్బరు డ్యాం పెట్టారు. ఉబ్బిస్తే నీరు నిలుపుతుంది, దించేస్తే వరద మీదనుంచి పోతుంది, పైవాళ్ళ పొలం మునగదు. సైన్సు విద్యార్థిగా నాకది ముచ్చటగానే వుంటుంది. కాని అనుకున్న ఆయకట్టు అంతా దానికింద తడవదు. మనుషులు మాట్లాడుకోవలసిన చోట రబ్బరు ఎంతవరకని సాగుతుంది?

ఇక సాలూరు పైన కొఠియా ఊళ్ళ సంగతి. ఇరవై పైచిలుకు కొండ ఊళ్ళు, కొందులు వుండే చోటు. అవి ఎవరివన్న వ్యాజ్యం 1968లో సుప్రీంకోర్టుకెక్కింది. యథాతథస్థితి వుంచమన్నారు. 2006లో ఆ దావా మా పరిధిలోది కాదని కోర్టు ముగించేసింది. 2021లో మనవాళ్ళు అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే మళ్ళీ గొడవ. అక్కడ చాలామందికి రెండు రేషన్‌కార్డులు, రెండు ఓటుకార్డులు. మనలో కొందరు దాన్ని తమాషాగా చెప్పుకుంటారు. నాకు తమాషాగా లేదు. రెండు ప్రభుత్వాలు పోటీపడి జెండాలు పాతే చోట, పురిటినొప్పులొచ్చిన మనిషిని మొయ్యడానికి ఒక్క మంచి రోడ్డు కావాలి. ఆ ఉత్తరదేశాల్లోనే 1751లో స్వీడన్, నార్వేల మధ్య సరిహద్దు గీసినప్పుడు, దుప్పుల మందలతో తిరిగే సామీ జనం ఎప్పట్లాగే గీత దాటి అటూ యిటూ పోవచ్చని ఒప్పందంలో రాశారు. గీత ఎక్కడ గీసినా, మనిషి నడిచే దారి ముందే రాసిపెట్టారన్నమాట. రెండున్నర శతాబ్దాల కిందట!

2021 నవంబరు 9న మన ముఖ్యమంత్రి భువనేశ్వర్ వెళ్ళి ఒడిశా ముఖ్యమంత్రిని కలిశారు. నేరడి, ఝంఝావతి, కొఠియా అన్నీ మాట్లాడుకున్నారు. రెండు రాష్ట్రాల ప్రధాన కార్యదర్శులతో ఒక యంత్రాంగం వుండాలనుకున్నారు. ఉమ్మడి ప్రకటనలో ఇంకొక చిన్న వాక్యం వుంది, పత్రికలు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు: శ్రీకాకుళం అంబేద్కర్ విశ్వవిద్యాలయంలో ఒడియా పీఠం, బరంపురం విశ్వవిద్యాలయంలో తెలుగు పీఠం పెట్టాలని. నాకు మాత్రం ఆ వాక్యమే మిగతావాటికి తాళంచెవిలా కనిపిస్తుంది.

ప్రధాన కార్యదర్శులు కలవాలి, కాదనను. ట్రిబ్యునల్ కూడా నీటి పంపకం చూసుకోడానికి రెండు రాష్ట్రాల, కేంద్రం యింజనీర్లతో కమిటీ చెప్పింది. కాని ఆ కమిటీలో భామిని రైతుకీ, ఆ గట్టు రైతుకీ, ఎడమకాలువ శివారు రైతుకీ ఒక్కొక్క కుర్చీ వెయ్యాలి. నది ఎత్తు ఎంతుందో, గొట్టా దగ్గర ఎంత వదిలారో రెండు భాషల్లో పంచాయతీ గోడమీద రోజూ రాయాలి. అంకె ఇద్దరి కళ్ళముందూ వుంటే "ఆపేశారట", "లాక్కుపోయారట" అన్న మాటలకి బలం తగ్గుతుంది. గుణుపురం, కాశీనగరం దగ్గర నది మట్టం కొలిచే కేంద్రాలు వున్నవే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మన పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడితోటల్ని నేలమట్టం చేసి, అటు గజపతి జిల్లా కొండల్లో చరియలు విరిచి జనాన్ని పొట్టన పెట్టుకుంది. ఆ వరదనీరంతా వంశధారలోకే వచ్చింది. తుఫాను ఏ రాష్ట్రం అనుమతీ అడగలేదు. అలాంటి రాత్రి ఎగువ కబురు ఒక గంట ముందొస్తే ఎంత తేడానో నదీతీరం వాళ్ళని అడగండి.

జనం మాత్రం ఎప్పుడూ విడిపోలేదు. పాతపట్నం నీలమణి దుర్గమ్మకి అటువాళ్ళు మొక్కుకుంటారు, రాయగడ మజ్జిగౌరమ్మకి మనవాళ్ళు మొక్కుకుంటారు. పెళ్ళిళ్ళు అటూ యిటూ అవుతూనే వున్నాయి. నా గదిలో వుండే పాతపట్నం మిత్రుడు అమ్మమ్మతో ఫోనులో సగం ఒడియా, సగం తెలుగు మాట్లాడతాడు. గట్టి మాటలన్నీ ఒడియాలోనే వస్తాయంటాడు. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్నరైలు, 1931లో గుణుపురం దాకా సాగింది. 2004లో మూసి, పెద్దలైను వేసి మళ్ళీ తెరిచారు. ఇప్పుడు నౌపడాలో ఎక్కితే టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి దాటి గుణుపురంలో దిగొచ్చు. రాష్ట్రం మారినట్టు స్టేషను బోర్డు మీది అక్షరాలు చూస్తేనే తెలుస్తుంది.

అందుచేత మన విద్యార్థి సంఘానికి ఒక విన్నపం. ప్రతియేటా విహారయాత్ర డబ్బు అరకుకే ఎందుకు పెట్టాలి? ఈసారి ఒక బృందం గుణుపురం పోదాం. పర్లాకిమిడిలో 1896 నాటి కళాశాల వుంది, అక్కడి విద్యార్థి సంఘానికి ముందుగా ఉత్తరం రాద్దాం. వానాకాలం నాలుగు నెలలు వాళ్ళు ఎగువన నది మట్టం రాసుకుంటారు, మనం గొట్టా దగ్గర రాసుకుంటాం, రెండూ ఒకే గ్రాఫు మీద గీసి వచ్చే సంచికలో అచ్చువేద్దాం. ఒడియా అక్షరాలు నేర్పడానికి పాతపట్నం మిత్రుడు ఒప్పుకున్నాడు. ఇప్పటికి నలుగురం పేర్లిచ్చాం, అందులో ముగ్గురం శివారు ఊళ్ళవాళ్ళమే. కాలువ మొదటి ఊళ్ళవాళ్ళు కూడా ఒకరిద్దరు వస్తే బాగుంటుంది.